విశాఖలో శాస్త్రభవనము

విశాఖపట్టణము కొండలకును సముద్రమునకును నడుమ వెలసిన నగరము. దక్షిణమున యారాడ కొండ, ఉత్తరమున కైలాసగిరి పంక్తి, తూర్పున బంగాళాఖాతము. 1933వ సంవత్సరమున ఇచ్చట ఓడరేవు తెరువబడినది. 1971 జనవరి 20వ తేదీన ఉక్కు కర్మాగారమునకు పునాదిరాయి పడినది. 1992లో అది జాతికి అంకితమైనది. ఓడలు, రైళ్లు, కొలుములు, చమురుశుద్ధి కేంద్రము, ఎరువుల కర్మాగారము - వీని నడుమనే వేలకొలది బాలబాలికలు బడికి పోయి వచ్చుచున్నారు.

ఇట్టి నగరమున ఒక ఉన్నత పాఠశాలవారు తమ ఆవరణములో విజ్ఞానశాస్త్రముల బోధనకై ప్రత్యేకముగా ఒక భవనమును కట్టదలచిరని అనుకొందము. ధనము మితముగా ఉన్నది. స్థలము కొండవాలున ఉన్నది. సముద్రము కనుచూపు మేరలో ఉన్నది. ఆ భవనము రెండు మూడు తరములు నిలువవలయును. తక్కువ విద్యుత్తుతో నడువవలయును. తన చుట్టునున్న నేలకును, నీటికిని, గాలికిని కీడు చేయరాదు. దానిని ఎట్లు కట్టవలయును?

విశాఖకు శాస్త్రభవనములు క్రొత్తవి కావు. 1840వ సంవత్సరమున గోడే వెంకట జగ్గారావుగారు డాబాగార్డెన్సులో స్వంత ధనముతో ఒక వేధశాలను నెలకొల్పిరి. ఖగోళశాస్త్రము నందలి ప్రీతి తప్ప వారిని అందుకు పురికొల్పిన ఉద్యోగధర్మ మేదియు లేదు. 1856లో వారు గతించిన పిమ్మట వారి అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ పనిని కొనసాగించి, 1874లో శుక్రగ్రహము సూర్యబింబముపై నడచిన వింతను పరిశీలించిరి. ఆ తరువాత 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఏర్పడినది. జయపుర సంస్థానాధీశులు విక్రమదేవవర్మగారి దానముతో 1930వ దశకమున వాల్తేరు మెరకపై శాస్త్ర సాంకేతిక కళాశాల వెలసినది. వారి పేరే దానికి పెట్టబడినది. కావున మన పాఠశాలవారు తలపెట్టిన పని ఈ ఊరి సంప్రదాయములోనిదే.

కొందరు పెద్దలు ఇట్టి భవనమును గూర్చి మొదట అడుగు ప్రశ్న, “చూచుటకు ఎట్లుండును?” అనునది. ముఖభాగమంతయు నీలిరంగు గాజుపలకలతో కప్పి, లోపల శీతలయంత్రములు పెట్టినయెడల నవీనముగా నుండునని వారి తలంపు. ఈ ఊరిలో సముద్రతీరపు బాటపై అట్టి భవనములు చాలనే లేచినవి. ఇవి ఎంతవరకు నవీనములో 2014 అక్టోబరు 12వ తేదీన తేలిపోయినది.

ఆ దినము మధ్యాహ్నవేళ హుద్‌హుద్ అను తుపాను విశాఖవద్ద తీరము దాటినది. హుద్‌హుద్ ఒక పక్షి పేరు. ఆ పేరును సూచించినది ఓమాన్ దేశము. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగముతో వీచినది. విమానాశ్రయపు పైకప్పు చెదరినది. కొండలపై చెట్లు కూకటివ్రేళ్లతో కూలినవి. గాజుతొడుగు భవనముల అద్దములు పగిలి వీధులలో రాలినవి. ఊరిలో చాలచోట్ల దినముల తరబడి విద్యుత్తు లేదు. శీతలయంత్రమును నమ్ముకొని కిటికీ తెరచు ఏర్పాటు లేకుండ కట్టిన గదులలో ఆ దినములలో మనుష్యు లుండజాలకపోయిరి.

ఎనిమిదవ తరగతి విద్యార్థులు పీడనమును గూర్చి చదివియే యుందురు. ఇచ్చట ఆ లెక్కను వేసి చూడుడు. గంటకు 180 కిలోమీటర్లనగా క్షణమునకు 50 మీటర్లు. గాలివేగమును దానితోనే హెచ్చించి, వచ్చిన ఫలమును 0.6తో గుణించినయెడల చదరపు మీటరుపై గాలి ఒత్తిడి న్యూటనులలో వచ్చునని ఇంజనీర్లు వాడుకొను సూత్రము. 50ని 50తో హెచ్చింపగా 2,500, దానిని 0.6తో గుణింపగా 1,500. అనగా చదరపు మీటరునకు సుమారు 150 కిలోగ్రాముల బరువు. రెండు చదరపు మీటర్ల కిటికీ అద్దముపై 300 కిలోలు. అయిదుగురు పెద్దమనుష్యులు ఒక్కసారిగా దానిపై ఒరగినట్లు! భారత ప్రమాణములలో విశాఖకు నిర్ణయింపబడిన గాలివేగము సరిగా ఈ క్షణమునకు 50 మీటర్లే. హుద్‌హుద్ రాక ముందే ఈ అంకె పుస్తకములో ఉన్నది. తుపాను మనలను మోసపుచ్చలేదు; మనమే పుస్తకమును తెరువలేదు.

కావున మన భవనమున పెద్ద అద్దపు గోడలు వద్దు. కిటికీలు ఎక్కువగానే ఉండవచ్చును. కాని ఒక్కొక్కటి చిన్నదిగా ఉండి, బలమైన చట్రమును, వెలుపల మూయదగిన చెక్క తలుపులను కలిగియుండవలయును. మన తాతల ఇండ్ల కిటికీలు ఇట్టివే. పైకప్పు రేకులతో కాక కాంక్రీటు పలకతో కట్టుట మేలు. గాలి కప్పుమీదుగా వేగముగా పోవునప్పుడు అచ్చట పీడనము తగ్గును. లోపలి గాలి కప్పును పైకి త్రోయును. తుపానులో రేకులు ఎగిరిపోవుటకు కారణ మిదియే. తలుపులు కిటికీల పైభాగమున గోడలన్నిటిని చుట్టి వచ్చునట్లు ఒక కాంక్రీటు పట్టీని వేసి, దానిని మూలలయందలి నిలువు ఊచలతో కట్టివేసినచో భవనమంతయు ఒక్క పెట్టెవలె నిలిచి గాలిని ఎదుర్కొనును.

ఇక సూర్యుని సంగతి. విశాఖపట్టణము భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 17.7 డిగ్రీల అక్షాంశముపై నున్నది. కర్కటరేఖకు ఇవతల నున్నందున సూర్యుడు ఏటా రెండుమారులు మన నడినెత్తికి వచ్చును: మే నెల రెండవ వారమున ఒకసారి, ఆగష్టు తొలి దినములలో మరియొకసారి. ఈ రెంటి నడుమ మధ్యాహ్న సూర్యుడు కొంచెము ఉత్తరముగానే ఉండును. డిసెంబరు 22వ తేదీ ప్రాంతమున మాత్రము అతడు దక్షిణమునకు వాలి, మధ్యాహ్నమున కూడ క్షితిజమునకు 49 డిగ్రీల ఎత్తుననే నిలుచును.

ఈ అంకెలతో కిటికీని గీయవచ్చును. భవనమును తూర్పు పడమరలుగా పొడవుగా కట్టి, పొడవైన గోడలు ఉత్తర దక్షిణములను చూచునట్లు చేసితిమనుకొనుడు. దక్షిణపు గోడలో నాలుగు అడుగుల ఎత్తుగల కిటికీ. దానిపై రెండు అడుగులు ముందునకు పొడుచుకొని వచ్చిన కాంక్రీటు పలక. మేస్త్రీలు దీనిని సన్‌షేడు అందురు. మార్చి, సెప్టెంబరు నెలలలో పగలు రాత్రి సమానముగా నుండు దినమున మధ్యాహ్న సూర్యుడు 72 డిగ్రీల ఎత్తున ఉండును. ఆ ఎత్తులో రెండడుగుల పలక నీడ గోడపై ఆరు అడుగులకు మించి దిగును. కిటికీ మొత్తము నీడలోనే. డిసెంబరులో 49 డిగ్రీల ఎత్తున ఆ నీడ రెండడుగుల కంటె కొంచె మెక్కువ మాత్రమే; కిటికీ అడుగుభాగమునుండి చలికాలపు ఎండ లోనికి వచ్చును. పలక ఒక్కటే, కదలదు, విద్యుత్తు అడుగదు, అయినను ఋతువును బట్టి ఎండను ఆపుచు, విడుచుచు నుండును. దానిని కోణమానినితోను, కాగితముతోను మీరే గీసి చూచుకొనవచ్చును.

పడమటి గోడతో ఇట్టి ఉపాయము పారదు. సాయంకాలపు సూర్యుడు క్రిందికి వాలి యుండుటచేత ఎంత పొడవైన పలకయైనను అతనిని ఆపజాలదు. వేసవిలో పడమటి గోడ నాలుగు గంటలకు పెనమువలె కాలును. కావున ఆ వైపున మెట్లను, మరుగుదొడ్లను పెట్టి, వెలుపల వేపచెట్లను, కానుగచెట్లను నాటవలయును. ఖాళీగా నున్నది కదా యని రసాయనముల గదిని మాత్రము అటువైపు పెట్టరాదు. అమోనియా సీసా మూత ఎండకు వేడెక్కిన గదిలో తెరచిన ఉపాధ్యాయునకు ఆ మాట వేరుగా చెప్పనక్కరలేదు. రసాయనములకు ఉత్తరపు గది తగినది. సూక్ష్మదర్శినితో పని చేయు జీవశాస్త్రపు గదికిని ఉత్తరపు వెలుతురే మేలు. అది దినమంతయు ఇంచుమించు ఒక్క తీరుగ ఉండును, కంటిని పొడువదు.

గాలిని గూర్చి ఆలోచించునపుడు ఒక ఉదాహరణమును ముందు చెప్పవలయును. హైదరాబాదులో హైటెక్ సిటీ సమీపమున సొహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రమను భవన మున్నది. దానిని 2004 జూలై 14వ తేదీన నాటి రాష్ట్రపతి అబ్దుల్ కలాంగారు ప్రారంభించిరి. పర్యావరణ హితమైన భవనములకు అమెరికాలోని సంస్థవారు ఇచ్చు ప్లాటినము శ్రేణిని ఆ దేశమునకు వెలుపల మొట్టమొదట పొందిన భవన మదియే. మధ్యలో ముంగిలి, చుట్టును గుండ్రముగా గదులు, పైకప్పుపై పచ్చిక, వాడిన నీటిని మొక్కల వ్రేళ్లచేత శుద్ధి చేయించు మడుగు - ఇవన్నియు అందు కలవు. రెండు గాలిగోపురములు కూడ కలవు. పైనుండి దిగు గాలిని నీటితో చల్లబరచి లోనికి పంపుట వాని పని.

ఆ భవనమును చూచి వచ్చిన వారెవరైనను, మన విశాఖలోను అట్టి గోపురమునే కట్టుదమందురు. ఇచ్చటనే జాగ్రత్త వహింపవలయును. నీరు ఆవిరియగునప్పుడు చుట్టునున్న వేడిని గ్రహించుటచేత గాలి చల్లబడును. హైదరాబాదు సముద్రమునకు దూరముగా, ఎత్తైన పీఠభూమిపై నున్నది. అచ్చటి వేసవిగాలి పొడిగాలి. నీరు త్వరగా ఆవిరియగును. విశాఖలో వేసవిగాలియందు అదివరకే తేమ నిండియుండును. మే నెలలో మన చెమటయే ఆరదు. గోపురములో చిలుకరించిన నీరెట్లు ఆరును? అచ్చట చల్లదనము నిచ్చు యంత్రము ఇచ్చట ఉక్కపోతను ఇచ్చును. భవనమును అనుకరింపరాదని దీని అర్థము కాదు. అనుకరింపదగినది గోపురమును కాదు, ఆ గోపురమును కట్టినవారు తమ ఊరి గాలిని ముందుగా పరిశీలించిన పద్ధతిని.

మన ఊరి గాలికి తడి యున్నది గాని కదలిక యున్నది. పగటివేళ నేల సముద్రముకంటె త్వరగా వేడెక్కును. నేలపై గాలి తేలికయై పైకి లేచును. సముద్రపు గాలి ఆ చోటికి వచ్చును. రాత్రి దీనికి వ్యతిరేకము. వేసవిలోను వానకాలములోను నైరృతి గాలులు, శీతకాలమున ఈశాన్య గాలులు వీచును. తడిగాలిలో శరీరమునకు హాయి నిచ్చునది చెమటను తుడిచికొనిపోవు గాలి వీచికయే. కనుక గది వెడల్పు ఏడు మీటర్లకు మించరాదు. ఎదురెదురు గోడలలో కిటికీలు ఉండవలయును. ఒక వైపుననే కిటికీలు పెట్టి, రెండవ వైపున మూసిన నడవ పెట్టరాదు. నడవకు బదులు తెరచిన వసారా ఉండవలయును. పైకప్పునకు దిగువగా, గోడపై భాగమున చిన్న గవాక్షములు ఉంచినచో పైకి లేచిన వేడిగాలి వానిగుండ వెడలిపోవును. నేను ఒకప్పుడు తనిఖీకై పోయిన ఒక పాఠశాలలో కిటికీలన్నియు సరిగనే కట్టబడియున్నవి. కాని ప్రతి కిటికీకి అడ్డముగా పాత ఉత్తరములు నింపిన ఒక్కొక్క అలమార నిలిచియుండెను. భవనశిల్పి చేసిన మేలును గుమాస్తా అలమార చెఱపగలదు. కావున అలమారలకు గోడలోనే గూళ్లు ముందుగా కట్టవలయును.

ఓడరేవు దాపున నున్న పాఠశాలలకు ఇంకొక చిక్కు గలదు. బొగ్గుపొడి, ఇనుపరాతి పొడి గాలిలో కలిసి వచ్చి బల్లలపైనను తులాయంత్రముల పళ్లెములపైనను పేరుకొనును. రెండు వైపుల కొండలుండుటచేత పొగయు ధూళియు ఈ పల్లమున కొంతకాలము నిలిచిపోవును. ధూళి వచ్చు దిక్కున రెండు మూడు వరుసలుగా దట్టమైన ఆకుగల చెట్లను పెంచినచో కొంత ఆగును. సున్నితమైన తులాయంత్రములను మాత్రము అద్దపు పెట్టెలలో ఉంచక తప్పదు.

గోడలు దేనితో కట్టవలయును? ఇచ్చట విశాఖవారు గర్వింపదగిన కథ యొకటి ఉన్నది. పరవాడవద్ద సింహాద్రి థర్మల్ విద్యుత్కేంద్రము 2,000 మెగావాట్ల శక్తి కలది. బొగ్గును మండించి ఒక యూనిట్ విద్యుత్తు పుట్టింపవలెనన్న సుమారు 600 మొదలు 700 గ్రాముల బొగ్గు కావలయును. మన దేశపు బొగ్గులో మూడవవంతు ప్రాంతము బూడిదయే. పొగతోబాటు ఎగిరిపోవు సన్నని బూడిదను పట్టి ఉంచుదురు. దానిని ఫ్లైయాష్ అందురు. ఎరువుల కర్మాగారమున ఫాస్ఫారికామ్లము చేయునప్పుడు జిప్సము మిగులును. ఉక్కు కర్మాగారమున ఇనుము కరిగించునప్పుడు పైకి తేలు చిట్టెమును నీటితో చల్లార్చగా ఇసుకవంటి పలుకులగును. ఈ మూడును వారి వారికి పారవేయవలసిన చెత్త. గుట్టలుగా పడియుండి నేలను పాడుచేయునవి.

విశాఖపట్టణమునకు చెందిన శాస్త్రజ్ఞులు ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ గారలు ఈ చెత్తలోని గుణమును కనిపెట్టి వాడుకకు తెచ్చిరి. ఫ్లైయాష్, సున్నము, జిప్సము తగుపాళ్లలో కలిపి అచ్చు పోసి నీటితో తడుపుచు కొన్నాళ్లుంచినయెడల అది కాల్చకయే గట్టి ఇటుకయగును. ఈ మిశ్రమమునకు వారు ఫాల్-జి అని పేరు పెట్టిరి. ఆ మూడు పదార్థముల ఆంగ్లనామముల మొదటి అక్షరములే ఆ పేరు. మట్టి యిటుకకు పొలములోని పైమట్టి కావలయును. బట్టీలో బొగ్గో ఊకో కట్టెలో మండవలయును. దీనికి బట్టీయే లేదు. 1999లో కేంద్రప్రభుత్వము థర్మల్ విద్యుత్కేంద్రముల చుట్టుప్రక్కల ఇటుకలు చేయువారు బూడిదను వాడవలెనని ఉత్తరువు చేసినది. ఉత్తరువు వచ్చులోపల విద్య విశాఖలో సిద్ధముగానే ఉన్నది.

ఇటుకను పేర్చు పద్ధతిలోను ఆదా కలదు. ఇంగ్లండులో 1917లో పుట్టి, కేరళలో స్థిరపడి, 2007లో అచ్చటనే కన్నుమూసిన లారీ బేకర్ అను భవనశిల్పి ఎలుకబోను కట్టుబడిని మన దేశమున ప్రచారము చేసెను. ఇటుకలను బల్లపరుపుగా కాక అంచుపై నిలిపి పేర్చుటచేత గోడ నడుమ ఖాళీ గూళ్లు ఏర్పడును. ఇటుకలలో నాలుగవవంతు మిగులును. గూళ్లలోని గాలి వేడిని తేలికగా లోనికి పోనీయదు. తుపానుల ప్రాంతము గనుక మూలలయందును, తలుపుల ప్రక్కలను ఆ గూళ్లలో ఊచలు నిలిపి కాంక్రీటు నింపవలయును. ఆ విధముగా గూడు లోపముగాక ఉపకారమగును.

సిమెంటు విషయమున ఉక్కు కర్మాగారపు చిట్టెము తోడుపడును. సున్నపురాతిని కాల్చి సిమెంటు చేయునప్పుడు ఆ రాతినుండియు, దానిని కాల్చు బొగ్గునుండియు బొగ్గుపులుసు వాయువు వెలువడును. చిట్టెమును మెత్తగా నూరి సిమెంటులో కలిపినయెడల కాల్చవలసిన రాయి ఆ మేరకు తగ్గును. అంతేకాదు; అట్టి సిమెంటుతో కట్టిన కాంక్రీటులోనికి ఉప్పు తేలికగా చొరబడదు. సముద్రతీరమున ఇది చిన్న మేలు కాదు. కాంక్రీటులోని క్షారగుణము ఊచలకు త్రుప్పు పట్టకుండ కాపాడుచుండును. ఉప్పుగాలిలోని క్లోరైడు లోనికి పోయి ఆ రక్షణను తొలగించును. త్రుప్పు ఇనుముకంటె ఎక్కువ చోటును ఆక్రమించును గనుక కాంక్రీటు పగిలి పెచ్చులూడును. తీరమున ఇరువది ముప్పది సంవత్సరములకే ఊచలు బయటపడిన కప్పులను మీరు చూచియే యుందురు. ఊచలపై 45 మొదలు 50 మిల్లీమీటర్ల మందమున కాంక్రీటు కప్పియుండవలయును. సముద్రపుటిసుకను వాడరాదు; గోడలను తడుపుటకైనను ఉప్పునీటిని తాకనీయరాదు. కంట్రాక్టరు ఈ మాటలకు తల యూపును. తల యూపినంతనే చాలదు. పలక పోయు దినమున ఎవరైన కొలబద్దతో దగ్గర నిలువవలయును.

పైకప్పు ఎండను అన్నిటికంటె ఎక్కువ త్రాగును. దానిపై తెల్ల సున్నము పూయుటగాని, తెల్లపెంకుల ముక్కలు పరచుటగాని చేసినచో చాలవరకు ఎండ వెనుకకు మరలును. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని కప్పులను గూర్చి ఒక విధానమునే ప్రకటించినది. మన పల్లెలలో ఉగాదికి ముందు గోడలకు సున్నము కొట్టుట వట్టి అలంకారము కాదని దీనివలన తెలియుచున్నది.

ఆ కప్పే వాననీటిని పట్టును. విశాఖలో ఏటికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన కురియును. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన యనగా ఒక లీటరు. మన కప్పు 400 చదరపు మీటర్లైనచో ఏటికి నాలుగు లక్షల లీటర్లు. చిమ్ముట, ఇగిరిపోవుట మొదలగువాని క్రింద అయిదవవంతు తీసివేసినను 3,20,000 లీటర్లు మిగులును. ఇది ఎంత? 500 మంది విద్యార్థులు, 200 పనిదినములు గల బడిలో దినమునకు ఒక్కొక్కరికి మూడు లీటర్లు. బడి అవసరములన్నియు దీనితో తీరవు. అయినను ప్రయోగశాలలో పాత్రలు కడుగుటకును, మొక్కలకును ఇది చాలును. తొలివానను వదలివేసి, ఆ పిమ్మటి నీటిని ఇసుక, గులకరాళ్లగుండ వడగట్టి తొట్టిలో నింపవలయును. తొట్టి నిండగా పొర్లిన నీటిని ఇంకుడుగుంతలోనికి పంపవలయును. తీరమున మంచినీటిని తోడుకొనుచు తిరిగి నేలకు ఈయకున్నచో సముద్రపు నీరు భూమిలోపల ముందుకు జరుగును, బావులు ఉప్పనగును. ఇంకుడుగుంత ఆ ఉప్పును వెనుకకు నెట్టుచుండు కాపలాదారు.

ఇంతవరకు చెప్పినది ఏ భవనమునకైనను కొంతవరకు వర్తించును. శాస్త్రభవనమునకే చెందిన చిక్కు రసాయనశాల మురుగునీరు. మిక్కిలి అందమైన భవనములలో సైతము ఆమ్లములను, లవణములను కలిపి ఒకే గొట్టమున వీధికాలువలోనికి వదలుచుందురు. అట్టిదానికి హరితభవనమని పలక తగిలించినను ప్రయోజన మేమి?

ఆమ్లముల కొరకు వేరుగా ఒక గుంట త్రవ్వి, దానిలో ఆలిచిప్పలను, గుల్లలను నింపవలయును. చేపలరేవు దాపున ఇవి ఊరకనే దొరకును. గుల్ల యనగా కాల్షియం కార్బొనేటే. ఆమ్లము దానిపై పడగనే బుసబుస పొంగి తటస్థమగును. పూర్వము తీరగ్రామములలో ఈ గుల్లలనే కాల్చి సున్నము చేసెడివారు. గంధకికామ్లము పడినచోట గుల్లపై జిప్సపు పొర ఏర్పడి పని మందగించును గనుక నెలకొకసారి గుల్లలను కలియబెట్టవలయును. రాగి, సీసము మొదలగు లోహముల లవణములను ఈ గుంటలోనికి పోయరాదు. అవి గుల్లలచేత పూర్తిగా ఆగవు. వానికి మూతగల జాడీలు వేరుగా ఉండవలయును. పాదరసపు ఉష్ణమాపకములకు బదులు రంగు సారాయి నింపినవి వాడినచో, పగిలినప్పుడు నేలపై బంతులుగా దొరలు విషమునకు భయపడనక్కర లేదు.

అయితే ఉత్తమమైన ఉపాయము మురుగును శుద్ధి చేయుట కాదు, పుట్టింపకుండుట. పరీక్షనాళికలో పది మిల్లీలీటర్లు పోసి చూపు చర్యను పలకపైని గుంటలో అయిదారు చుక్కలతోనే చూపవచ్చును. రంగు మారుట, అవక్షేపము దిగుట, వాయువు పొంగుట అన్నియు కనబడును. ఖర్చు తగ్గును, కాలినను చిన్నగనే కాలును, ప్రతి విద్యార్థియు స్వయముగా చేసి చూడగలుగును. విషవాయువులను పుట్టించు ప్రయోగములకు మాత్రము బయటికి లాగివేయు పంకా గల గాజు అలమార ఒకటి ఉండవలయును. గ్యాసుబండను గదిలో ఉంచరాదు. వెలుపల జాలిగూటిలో తాళము వేసి ఉంచి, గొట్టముచే లోనికి తేవలయును. ప్రతి ప్రయోగశాలకు రెండు ద్వారములు, రెండును వెలుపలికి తెరచుకొనునవి కావలయును. డబ్బు తగ్గించవలసి వచ్చినప్పుడు మొదట రెండవ ద్వారమును కొట్టివేయువారు కలరు. ఆ పొరపాటును మన్నింపరాదు. గదిలో నలువదిమంది పిల్లలుందురు.

విద్యుత్తు లెక్క ఇప్పుడు సులభము. పగటివెలుతురు చాలియుండుటచేత దీపములు తక్కువ. గదులకు పండ్రెండు పంకాలు కావలెననుకొందము. సాధారణమైన పంకా సుమారు 75 వాట్లు తీసికొనును. నేడు దొరకుచున్న బి.ఎల్.డి.సి. పంకాకు 30 వాట్లు చాలును. దినమునకు ఆరు గంటలు తిరిగినచో మొదటి రకము 5.4 యూనిట్లు, రెండవ రకము 2.16 యూనిట్లు ఖర్చుచేయును. దినమునకు మూడు యూనిట్లకు పైగా మిగిలెను. అనగా సింహాద్రిలో రెండు కిలోల బొగ్గు మండకుండ ఆగెను. కప్పుపై ఒక కిలోవాటు సౌరఫలకము సగటున దినమునకు నాలుగు యూనిట్లు ఇచ్చును. మూడు కిలోవాట్లతో దీపములు, పంకాలు, ఒకటి రెండు యంత్రములు నడచును. విశాఖలో ముడసర్లోవ జలాశయముపై 2018లో రెండు మెగావాట్ల సౌరఫలకములను నీటిపై తేలునట్లు అమర్చిరి. సింహాద్రి కేంద్రమువారు కూడ 2021లో తమ జలాశయముపై 25 మెగావాట్ల తేలు ఫలకములను నెలకొల్పిరి. బొగ్గుకేంద్రమే సూర్యుని ఆశ్రయించుచుండగా బడికి సంకోచ మెందులకు? కాని ఫలకమును కప్పునకు బిగించు మేకులు ముందు చెప్పిన చదరపు మీటరు లెక్కకు తట్టుకొనవలయును. గాలికి ఎగిరిన ఫలకము కత్తివంటిది.

అన్నిటికంటె ముందు చేయవలసినది ఇంకను మిగిలియున్నది. మేస్త్రీ రాక మునుపు ఒక సంవత్సరముపాటు ఆ స్థలమును విద్యార్థులే పరిశీలించి పుస్తకములో వ్రాయవలయును. ఏ నెలలో గాలి ఏ దిక్కునుండి వచ్చినది, వాననీరు వాలున ఎటు పారినది, ఏ చెట్టు నీడ ఎంతవరకు వచ్చినది, తెల్లకాగితముపై దినమునకు ఎంత ధూళి పడినది - ఇవన్నియు లెక్కకు రావలయును. దానికి కావలసిన పరికరములు ఒక వర్షమాపకము, ఒక గుడ్డజెండా, ఒక దిక్సూచి, ఒక నిలువు కర్ర. ఒక మీటరు కర్రను చదునైన చోట సరిగా నిలిపి, ప్రతి వారము మధ్యాహ్నవేళ దాని నీడ చివర ఒక మేకు పాతవలయును. విశాఖలో సూర్యుడు నడిమింటికి వచ్చునది గడియారమున పండ్రెండు కొట్టుటకు ఇంచుమించుగా ఆ వేళకే. మే నెలలో కొన్ని నిముషములు ముందుగనే. డిసెంబరులో నీడ ఉత్తరముగా సుమారు 87 సెంటీమీటర్లు పోవును. అచ్చటినుండి వారము వారమునకు మేకులు కర్రకు చేరువగుచు వచ్చును. మే నెల రెండవ వారమున ఒకనాడు పాతుటకు మేకు చోటే దొరకదు. ఆ మధ్యాహ్నము కర్రకు నీడ యుండదు.